అంకవన్నె లేని రౌతు

రాబర్ట్‌సన్‌పేటలో మా చిన్నాయన ఇంటి వసారాలో ఒక బల్ల మీద జీను ఉంది. రెండు తోలు దిండ్లు, వాటిని కలుపుతూ ముందూ వెనకా ఒక్కో వంకీ కర్ర, కింద కంబళి, పొట్టకో పట్టీ, రొమ్ముకో పట్టీ, తోక కిందికి ఇంకోటి. కాళ్ళు పెట్టుకునే అంకవన్నెలు మాత్రం లేవు. రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందటి శక జీనుకు ఇది నకలు. మా తాత బంగారుపేట స్టేషను దగ్గర జట్కా తోలినవాడు. చిన్నాయన గనుల వర్క్‌షాపులో కొలిమి ముందు బతుకంతా నిలబడి, 2001 ఫిబ్రవరి 28న గని మూతపడినాక ఇంటికి వచ్చినవాడు. నేను కాలేజీలో చరిత్ర చెబుతాను, సెలవుల్లో కోలారు జిల్లా వీరగల్లుల వెంట తిరుగుతాను. ఈ జీను గురించి రెండు ఆదివారాలు మేము వాదించుకున్న మాటలు ఇవి.

నేను: ఇంత ఓపికగా కుట్టినావు, కాదనను చిన్నాయనా. కానీ మన చుట్టూ పొలాల్లో గుర్రపు రౌతులు చెక్కిన వీరగల్లులు ఎండకూ వానకూ అరిగిపోతుంటే, పోయి పోయి సైబీరియా సమాధుల్లో దొరికిన జీను కుట్టాలా? లూయీ రైస్ 1905లోనే కోలారు జిల్లా శాసనాలను ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా అచ్చు వేయించాడు. గంగ, నొళంబ, బాణ రాజుల కోసం, ఊరి ఆవులమంద కోసం ప్రాణాలిచ్చినవాళ్ళు ఆ రాళ్ళ మీద ఉన్నారు. వాళ్ళ జీను ముందు మొదలుపెట్టి ఉంటే నేనే నీకు దారం అందించేదాన్ని.

చిన్నాయన: వాళ్ళ జీను యాడుంది పాపా? రాతి మీద దాని అంచు ఒక్కటే ఉంది. అంచు చూసి తోలు కత్తిరించలేను. ఆల్టాయ్ కొండల్లో పాజిరిక్ అనే చోట గుర్రాలను దొరతోపాటు పూడ్చినారు. సమాధిలోకి నీళ్ళు దిగి గడ్డకట్టి, మళ్ళా కరగలేదు. 1929లో గ్రియాజ్‌నోవ్ ఒక దిబ్బ తవ్వినాడు, 1947 నుంచి 49 దాకా రుదెంకో ఇంకొన్ని తవ్వినాడు. తోలు కుళ్ళలేదు, ఉన్ని కుళ్ళలేదు, దిండులో కూరిన జింక వెంట్రుకలు గూడా అట్లనే ఉన్నాయి. కుట్టు యాడ మొదలై యాడ ముగిసిందో కనిపిస్తాది. పనిచేసేవాడికి కావాల్సింది అది.

నేను: అంటే దొరికింది కాబట్టి చేశావు.

చిన్నాయన: కాదు. నాకు చిన్నప్పటి నుంచి ఒక సందేహం. మా నాయన జట్కా గుర్రాన్ని చెరువుకు పంపినప్పుడల్లా నేను ఉత్త వీపు మీద ఎక్కేవాణ్ణి. అరగంటకు నాకు తొడలు మంట, రెండు రోజులకు దానికి మూపు వెనక పుండు. మా నాయన నా చెవి మెలిపెట్టేవాడు. పెద్దయినాక చదివితే తెలిసింది, అంకవన్నె లేకుండానే యవనులూ శకులూ దేశాలు దాటి యుద్ధాలు చేసినారని. యవనులంటే గ్రీకులే, వాళ్ళకైతే సరైన జీనే లేదు, ఉంటే వీపు మీద ఒక బట్ట. మరి ఆ గుర్రాల వీపులు ఏమైనాయి? ఎవరు గెలిచినారో అందరూ రాసినారు. నాకు కావాల్సింది ఇది.

నేను: దొరికిందా జవాబు?

చిన్నాయన: కొంత దొరికింది. ఆ రెండు దిండ్ల నడుమ నాలుగు వేళ్ళ సందు చూడు. మనిషి కూర్చుంటే బరువు వెన్నెముక మీద పడదు, దానికి అటూ ఇటూ ఉన్న కండ మీద పడతాది. వంకీ కర్రలు ఆ సందును కాపాడతాయి. మొదట నేను దిండ్లలో కొబ్బరి పీచు కూరినా. వారానికే అణిగిపోయి సందు మూసుకుంది. నేను జీను వేసి చూసింది పెళ్ళి ఊరేగింపులకు తిప్పే గుర్రం మీద, పాపం, దాని వీపు మీద రూపాయంత పుండు లేచింది. తప్పు నాది. నెల రోజులు దాని మీద గుడ్డ గూడా వేయనీయలేదు, నా చేత్తోనే పసుపూ వేపనూనే రాసినా. తర్వాత మేక వెంట్రుకలు కూరినా. జింక వెంట్రుక లోపల డొల్ల, నొక్కితే మళ్ళా లేస్తాది. మేకది అంత కాదు గానీ పీచు మాదిరి అణగదు. వాళ్ళు జింకనే ఏల పట్టుకున్నారో ఆ పుండు చెప్పింది.

నేను: ఆ గుర్రం నిన్ను అడగలేదు కదా చిన్నాయనా, నా వీపు మీద చరిత్ర నేర్చుకో అని. ఈ పని మీద నాకున్న మొదటి అభ్యంతరం ఇదే. రాతిని నేను తప్పుగా చదివితే రాతికి నొప్పి లేదు.

చిన్నాయన: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రోజుకు అరగంట దాటనీయను, వీపంతా తడిమి చూసుకోకుండా ఎక్కనీయను. జెనొఫోన్ తన గుర్రపు పుస్తకంలో ఒక మాట గట్టిగా చెప్పినాడు, కోపంతో గుర్రం దగ్గరికి పోవద్దని. క్రీస్తుకు నాలుగు వందల ఏళ్ళ ముందరి గ్రీకు మనిషి. మా నాయన గూడా అదే చెప్పేవాడు, కాకపోతే నా మీద కోపం అణుచుకునేవాడు కాదు.

నేను: జెనొఫోన్‌ను నువ్వే తెచ్చావు కాబట్టి అడుగుతాను. పర్షియా నడిబొడ్డున పదివేలమంది గ్రీకులు చిక్కుకుపోయినప్పుడు ఆయన వాళ్ళకు ఏం చెప్పాడు? గుర్రం కరిచో తన్నో యుద్ధంలో చచ్చినవాడు ఎవడూ లేడు, రౌతు పైన వేలాడుతూ మనకంటే ముందు తాను పడిపోతానేమో అని భయపడుతుంటాడు, మనం నేల మీద గట్టిగా నిలబడి ఉన్నాం అన్నాడు. అంకవన్నె లేని రౌతు బలం ఎంతో ఆయన నోటితోనే తేలిపోయింది.

చిన్నాయన: అది గుర్రాలు లేనివాళ్ళకు ధైర్యం చెప్పిన మాట పాపా! గనిలో కేజి కిందికి దిగే ముందు మేస్త్రీ కొత్త పిల్లోళ్ళకు ఏం చెబుతాడు? అట్లాంటిది. ఆ మాట అన్న రెండు రోజులు గడవక ముందే ఆయన సామాను మోసే గుర్రాలను ఏరి, యాభైమంది రౌతులను తయారు చేసినాడు. అది కదా ఆయన నిజంగా నమ్మింది. మనిషి మాట ఒకటి, చెయ్యి ఒకటి. నేను చెయ్యి చూస్తా.

నేను: సరే, ఆ చెయ్యే చూద్దాం. నువ్వు చేసినదాంట్లో ఎంత శకులది, ఎంత నీది? వాళ్ళు కింద వేసింది నేసిన కంబళి కాదు. ఉన్నిని తడిపి, తొక్కి, అట్టలాగా ఒత్తిన నమదా. నీది మన కురుబలు నేసిన గొంగళి. వాళ్ళ తోలు వేరు, నీ తోలు తంగేడు చెక్కతో పదును చేసింది. కళ్ళేనికి నువ్వు వాడింది దుకాణంలో కొన్న ఇనుప కడ్డీ. గుర్రం చూస్తే పందెం గుర్రాల సంకరం. ఎక్కేవాడు చిన్నప్పటి నుంచి అంకవన్నెలకు అలవాటు పడ్డ కుర్రాడు. ఇన్ని మార్చినాక వచ్చే ఫలితం శకుల గురించి చెబుతుందా, బంగారుపేట గురించి చెబుతుందా?

చిన్నాయన: కళ్ళెం మాట విను. రెండు ముక్కల ఇనుము, నడుమ కొక్కెం, రెండు పక్కలా కడియాలు. ఈ పొద్దు బెంగుళూరు పందెం గుర్రాల నోట్లో ఉండేది దానికి తమ్ముడే. రెండువేల ఏళ్ళు దాటినా నోరు మారలేదు కాబట్టి ఇనుమూ మారలేదు. జెనొఫోన్ రెండు రకాల కళ్ళేలు పెట్టుకోమన్నాడు, ఒకటి నున్ననిది, ఒకటి గరుకుది. రెండూ కొట్టినా. గరుకుది ఒక్కసారి పెట్టి తీసేసినా, ఆ గుర్రానికి అక్కర్లేదు. కంబళి మాటలో నువ్వు చెప్పింది నిజం. కానీ బరువు యాడ పడతాదో కంబళి మార్చదు. మారేవి మారతాయి, మారనివి తేలతాయి.

నేను: ఏది మారేది, ఏది మారనిది అని నిర్ణయించేది నువ్వే కదా. భయం అక్కడే ఉంది. ఇట్లా కూర్చోవచ్చు అని నువ్వు చూపిస్తావు. చూసినవాళ్ళు ఇట్లానే కూర్చున్నారు అని నమ్ముతారు. కూర్చోవచ్చుకూ కూర్చున్నారుకూ మధ్య గాడి తప్పడం చాలా సులభం. లిన్ వైట్ అనే ఆయన 1962లో ఒక పుస్తకం రాసి, యూరపులో భూస్వామ్య వ్యవస్థ అంతా అంకవన్నె వల్లే పుట్టిందన్నట్టు వాదించాడు. అంకవన్నె లేనిదే బల్లెంతో గుద్దలేరు అన్నది ఆయన పునాది. ఒక్క వస్తువు మీద అంత కోట కట్టాడు.

చిన్నాయన: ఆ కోట పడగొట్టింది ఎవరు? నీ మాదిరి రాత చదివేవాళ్ళు కొందరు, నా మాదిరి కుట్టేవాళ్ళు కొందరు. ఇంగ్లండులో పీటర్ కానొలీ అని బొమ్మలు వేసే మనిషి, సమాధిరాళ్ళ మీది చెక్కడాలూ, రోమను కోటల్లో దొరికిన తోలు ముక్కలూ, కొమ్ముల్లాంటి కంచు రేకులూ ముందు పెట్టుకుని రోమను జీను కట్టినాడు. నాలుగు మూలలా నాలుగు కొమ్ములు. ఎక్కి చూస్తే తొడలను కొమ్ములు పట్టుకున్నాయి, పక్కకు వాలి కత్తి విసిరినా రౌతు పడలేదు. అంకవన్నె లేకుండానే. ఆ ముక్కలు పెట్టెల్లో అట్లనే పడి ఉంటే ఎవరికి తెలిసేది?

నేను: కానొలీకి తోలు ముక్కలున్నాయి. ఆ తోలును ఏళ్ళ తరబడి చదివిన కరోల్ వాన్ డ్రీల్ మరీ అనే పండితురాలు పక్కన ఉంది. నీ పక్కన ఎవరున్నారు?

చిన్నాయన: నువ్వున్నావు కదా, అందుకే కదా పిలిచినా.

(ఆ మాటకు కాసేపు నాకు ఏమీ తోచలేదు. పిన్నమ్మ కాఫీ తెచ్చింది.)

చిన్నాయన: గని సంగతి చెబుతా. చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల లోతు. రాయి మీద ఎంత ఒత్తిడి ఉంటాదో ఇంజనీర్లు లెక్క వేసేవాళ్ళు, ఆ లెక్క తప్పని నేను అనను. కానీ రాయి పగిలి ఎగిరే ముందు అది చేసే చప్పుడు ఒకటుంటాది, దూలం నలిగినట్టు. కిందికి దిగినవాడి చెవికే అది తెలిసేది. పుస్తకానికి ఎంత అనేది తెలుసు, చెవికి ఎప్పుడు అనేది తెలుసు. నాకు గుర్రం దగ్గర ఆ రెండోది కావాల.

నేను: ఆ చెవి ఇరవై ఏళ్ళు దిగితే వచ్చిన చెవి. నువ్వు ఈ గుర్రం పని మొదలుపెట్టి ఆరు నెలలు కూడా కాలేదు. శకుల పిల్లలు నడక నేర్చే వయసులోనే గుర్రం ఎక్కి ఉంటారు. వాళ్ళ ఒంటికి తెలిసింది మన కుర్రాడి ఒంటికి ఎప్పటికీ తెలియదు.

చిన్నాయన: అది ఒప్పుకుంటా. నేను తెలుసుకునేది వాళ్ళకు తెలిసిన దాంట్లో తక్కువ పాలే. అసలు తెలియకపోవడం కంటే అది మేలు కాదా?

నేను: తప్పుగా తెలియడం తెలియకపోవడం కంటే చెడ్డది. సరే, ఇంకో మాట. ఇంత చేసి, శకులు మనవాళ్ళు కూడా కాదు.

చిన్నాయన: ఆ మాట మాత్రం అనొద్దు! పూజలో కూర్చుని సంకల్పం చెప్పినప్పుడల్లా శాలివాహన శకం అంటాము కదా. క్రీస్తుకు తర్వాత 78 నుంచి లెక్క. పంచాంగం మొదటి పేజీలోనే వాళ్ళ పేరుంది. పరాయివాళ్ళ పేరుతో సంవత్సరాలు లెక్కపెట్టుకుంటామా?

నేను: గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో తన కొడుకును ఏమని పొగిడిందో తెలుసా? శక, యవన, పహ్లవులను నాశనం చేసినవాడని. నువ్వు గుర్రం మీద ఎక్కించిన ఇద్దరినీ మన శాతవాహనుడు కొట్టినట్టే రాశారు. అయితే నీకు పనికొచ్చేది కూడా చెబుతాను. శత్రుత్వంతోనే ఆగలేదు. ఉజ్జయిని శక వంశపు రుద్రధర భట్టారిక మన ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి రాణి. నాగార్జునకొండ స్తంభం మీద పొడుగు చేతుల అంగీ, చల్లడం తొడుక్కుని బల్లెం పట్టుకున్న శక సైనికుడు నిలబడి ఉన్నాడు. కృష్ణా ఒడ్డున, ఆ ఎండలో, ఆ బట్టలతో. కానీ చూడు, పాజిరిక్ సమాధులకూ ఆ సైనికుడికీ మధ్య ఐదారు వందల ఏళ్ళున్నాయి. ఇరాను వాళ్ళు గడ్డిమైదానాల జనాలందరినీ శకులనే పిలిచారని హెరోడోటస్ చెప్పాడు. పేరు ఒకటైనంత మాత్రాన జీను ఒకటి కాదు.

చిన్నాయన: పేరు మాట వదిలేస్తా. బంగారం మాట చెబుతా, అది మన ఊరి సొత్తు కదా. 1913లో సొలోఖా అనే దిబ్బలో శక దొర తల దగ్గర ఒక బంగారు దువ్వెన దొరికింది. బొమ్మ చూసినా. దువ్వెన పళ్ళ పైన ఒక రౌతు, ఇద్దరు కాలిబంట్లు పోరాడతుంటారు, చచ్చిన గుర్రం ఒకటి వెల్లకిలా పడి ఉంటాది. చేసింది గ్రీకు కంసాలి, చేయించుకుంది శకుడు. నీ రెండు జాతులూ ఒక అరచేతిలో పట్టేంత బంగారంలో ఉన్నాయి. బరువు దాదాపు 300 గ్రాములు. మన గని మూసే నాటికి టన్ను రాయికి మూడు గ్రాములు పడేది. ఆ లెక్కన ఆ దువ్వెన ఒక్కటీ రావాలంటే వంద టన్నుల రాయి పైకి రావాల. నేను రాయి లెక్క తెలిసినవాణ్ణి, అందుకే ఆ బొమ్మ ముందు చాలాసేపు ఉన్నా. అంత ఖరీదైన పనిలో ఆ కంసాలి రౌతుకు పొలుసుల కవచం చెక్కినాడు, పగ్గం చెక్కినాడు, అంకవన్నె చెక్కలేదు. మరచిపోయి కాదు, లేదు కాబట్టి.

నేను: ఇప్పుడు నువ్వు నా పనే చేస్తున్నావు. బొమ్మ చదువుతున్నావు.

చిన్నాయన: చదువుతున్నా. కానీ గుర్రం మీద మనిషిని కూర్చోబెట్టి చూసినాక చదువుతున్నా. ఒకటి చెప్పు. నీ వీరగల్లుల మీద రౌతు పాదం ఎట్లుంటాది?

నేను: పాదమా?

చిన్నాయన: పాదమే. జెనొఫోన్ ఏమన్నాడు? కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవద్దు, కాళ్ళు చాపి నిలబడినట్టు ఉండాల, మోకాలి కింద కాలు వదులుగా వేలాడాల. మా కుర్రాడు మొదట్లో అంకవన్నె ఉన్నట్టే వేళ్ళు పైకెత్తి, మడమ కిందికి నొక్కేవాడు. అది అలవాటు. పది రోజులకు తొడ నొప్పి తట్టుకోలేక కాలు వదిలేసినాడు. వదిలేసిన నాటి నుంచి వేళ్ళు కిందికి వాలినాయి, అప్పటి నుంచి పడలేదు. అంకవన్నె ఉన్న కాలికి ఒక వాలు, లేని కాలికి ఒక వాలు. నీ రాళ్ళ మీద పట్టీ అరిగిపోయి ఉండొచ్చు, కడియం కనిపించకపోవచ్చు. పాదం వాలు అరగదు.

నేను: నేను అది చూడలేదు చిన్నాయనా. ఇన్నేళ్ళలో ఎన్ని రాళ్ళ ఫొటోలు తీశానో. అక్షరాల మీదే కన్ను. బెంగుళూరు మ్యూజియంలో బేగూరు వీరగల్లు ముందు గంటలు నిలబడ్డాను. గంగ రాజు ఎరెయప్ప పంపితే వెళ్ళి తుంబెపాడిలో పోరాడి పడిపోయిన నాగత్తరుడి రాయి. ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు కలగాపులగంగా ఉన్న పోరు అది. శాసనంలో ప్రతి అక్షరం నాకు తెలుసు, ఒక్క పాదం ఎట్లుందో చెప్పలేను.

చిన్నాయన: మనిషి చూసేది తనకు వచ్చినదాన్నే కదమ్మా.

నేను: అయినా జాగ్రత్త చెప్పాలి. సాంచీ శిల్పాల్లోనే, క్రీస్తుకు ముందే, పొట్టపట్టీలో పాదం దూర్చిన రౌతులు కనిపిస్తారు. అది పూర్తి అంకవన్నె కాదు, అట్లాగని ఉత్త కాలూ కాదు. పన్నెండో శతాబ్దానికి వస్తే హళేబీడు హొయసల శిల్పాల్లో అంకవన్నెలు స్పష్టంగా ఉన్నాయి. పాండిచ్చేరిలో ఉండి పనిచేసిన జాన్ దెలోష్ ఇవన్నీ బొమ్మలు గీసి మరీ చూపించాడు. మన వీరగల్లులు చాలావరకు ఆ రెంటికీ నడుమ కాలానివి. మార్పు ఎప్పుడు జరిగిందో చెప్పే రాళ్ళు అవే అయి ఉండొచ్చు. కానీ శిల్పి పాత రాయిని చూసి కొత్త రాయి చెక్కి ఉంటే? అంకవన్నె వచ్చినాక కూడా అలవాటుగా వేళ్ళు కిందికే వాల్చి ఉంటే? ఒక్క రాయితో ఏమీ తేల్చకూడదు.

చిన్నాయన: అంకవన్నె అనే మాట మనకుంది, కన్నడంలోనూ ఉంది. రికాబు అన్నది తర్వాత వచ్చిన మాట. సొంత మాట ఉందంటే సొంత వస్తువు ఉండలేదా?

నేను: మాట ఉందంటే వస్తువు తెలుసు అని అర్థం. ఎప్పటి నుంచి అన్నది మాట చెప్పదు.

చిన్నాయన: అయితే రాళ్ళ దగ్గరికే పోదాం. కోణం కొలిచే బద్ద నా పెట్టెలో ఉంది. ఒకటి కాదు, వంద పాదాలు కొలుస్తాం. తేదీ తెలిసిన రాళ్ళు నువ్వు చెప్పు, వాలు నేను కొలుస్తా.

నేను: వంద కొలిచినాక కూడా నువ్వు ఇట్లానే కూర్చున్నారు అనకూడదు.

చిన్నాయన: అనను. నువ్వు గూడా కుట్టినవాడి మాటకు విలువ లేదు అనొద్దు.

రెండో ఆదివారం ముళబాగిలు తాలూకాలో ఒక చింతతోపు పక్కకు పోయాము. నాకు తెలిసిన రాయే. పై వరసలో లింగం ముందు వీరుడు, నడిమి వరసలో ఇద్దరు అప్సరసల భుజాల మీద వీరుడు, కింది వరసలో పోరు. రౌతు చెయ్యెత్తి ఉన్నాడు, గుర్రం మెడ వంచింది, పగ్గం గీత కూడా కనిపిస్తోంది. రౌతు మోకాలి దగ్గర మట్టి మొదలైంది. ఏటేటా దున్నకంతో నేల పెరిగి, పాదం దాని కింద ఉండిపోయింది.

చిన్నాయన: జానెడు తీస్తే చాలు పాపా. సంచిలో పార ఉంది.

నేను: పార తియ్యొద్దు. ముందు పొలం ఆయన్ను అడగాలి, తర్వాత పురావస్తు శాఖకు రాయాలి. అనుమతి వచ్చినాక చేత్తో, బ్రష్షుతో తీస్తాం. అంతవరకు రాయిని కదిలించకూడదు.

చిన్నాయన: ఎన్ని దినాలు పడతాది?

నేను: తెలియదు. జాబు ఈ రాత్రే రాస్తాను.

చిన్నాయన: రాయి. అందాకా నేను మోకాలు దాకా కొలుచుకుంటా. తొడ వాలు గూడా కొంత చెబుతాది.

ఆయన బద్ద తీసి రాతికి తగలకుండా పట్టుకుని వంగాడు. నేను నోటుపుస్తకం తెరిచి పక్కన కూర్చున్నాను.